ఆఫ్‌షోర్ విండ్ టర్బైన్ల స్థాపన, నౌకల నియంత్రణ: పీహెచ్‌డీ అంశాన్ని ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు మెకానికల్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. చేశారు, కంట్రోల్ థియరీ మీద పట్టు ఉంది, సముద్రంలో విండ్ టర్బైన్లను నిలబెట్టే నౌకల నియంత్రణ మీద పీహెచ్‌డీ చేసే అవకాశం వచ్చింది, తొలి ఆరు నెలల్లో పరిశోధన ప్రతిపాదన ఇవ్వాలి. డైనమిక్ పొజిషనింగ్‌కు (డీపీ, అంటే లంగరు లేకుండా థ్రస్టర్లనే ప్రొపెల్లర్ల తోపుతో నౌకను ఒకేచోట నిలపడం) మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్‌నో (రాబోయే కదలికను మోడల్‌తో ముందే లెక్కించి, హద్దులకు లోబడి ఆజ్ఞలిచ్చే పద్ధతి), రీఇన్‌ఫోర్స్‌మెంట్ లర్నింగ్‌నో (ప్రయత్నాల ఫలితాల నుంచి నేర్చుకునే పద్ధతి) అన్వయిస్తే అది అంశంగా నిలుస్తుందా, హైడ్రోడైనమిక్స్ (కదిలే నీటి బలాల శాస్త్రం) ఎంతవరకు నేర్చుకోవాలి, సిమ్యులేషన్లతోనే సరిపెట్టుకోవచ్చా అని అడిగారు. నేను ఇదే రంగంలో పీహెచ్‌డీ చేసి, తరువాత కొన్నేళ్లు స్థాపన పనులకు ముందు జరిగే విశ్లేషణల్లోనూ, కొంతకాలం నౌకల మీదనూ పనిచేశాను. ఇప్పుడు పరిశోధక విద్యార్థుల ప్రతిపాదనలు చదువుతుంటాను. మొదటి ప్రశ్నకు నా జవాబు మీకు కొంత నిరుత్సాహం కలిగించవచ్చు: అల్గారిథం పేరుతో మొదలయ్యే ప్రతిపాదన ఈ రంగంలో ఎక్కువ దూరం పోదు. ఎందుకు పోదో, దేనితో మొదలుపెడితే పోతుందో వివరిస్తాను.

నౌకను లంగరు లేకుండా ఒకేచోట నిలపడం అరవై ఏళ్లు దాటిన సమస్య. 1961లో కస్ 1 అనే డ్రిల్లింగ్ నౌక మెక్సికో తీరానికి ఆవల దాదాపు 3,500 మీటర్ల లోతు నీటిలో, నాలుగు ప్రొపెల్లర్లను మనుషులే చేతితో నడుపుతుండగా, నిలబడి సముద్రగర్భాన్ని తవ్వింది. అదే ఏడాది యురేకా అనే చిన్న నౌకలో ఆ పనిని తొలిసారిగా ఆటోమేటిక్ కంట్రోలర్‌కు అప్పగించారు. 1970లలో నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో యెన్స్ బాల్కెన్ బృందం కాల్మన్ ఫిల్టర్‌ను (గజిబిజి కొలతల నుంచి అసలు స్థితిని అంచనా వేసే గణిత పద్ధతిని) ఇందులోకి తెచ్చింది. నౌక కదలికలో రెండు పాళ్లు ఉంటాయి: గాలి, ప్రవాహం, అలల సగటు తోపుడు వల్ల నిమిషాల మీద నెమ్మదిగా సాగే జరుగుడు ఒకటి, ఒక్కొక్క అలతో 5 నుంచి 15 సెకన్లకొకసారి వచ్చే ఊగు మరొకటి. రెండోదాన్ని థ్రస్టర్లతో ఎదిరించబోతే ఇంధనం తగలబడి, గేర్లు అరగడమే తప్ప నౌక మాట వినదు. అందువల్ల ఫిల్టర్ ఆ ఊగును కొలతల్లోంచి తీసివేసి, మిగిలిన నెమ్మదైన జరుగుడునే కంట్రోలర్‌కు చూపిస్తుంది. ఈ విభజన ఇప్పటికీ ప్రతి డీపీ వ్యవస్థకూ పునాదిగానే ఉంది. ఖాళీ సముద్రంలో నౌకను నిలపడంలో ఇప్పుడున్న కంట్రోలర్ కంటే అర మీటరు మెరుగ్గా పనిచేసే కొత్త కంట్రోలర్‌ను మీరు తయారుచేసినా, ఆ అర మీటరు వల్ల ఏ పని సులువైందో చెప్పలేకపోతే పరీక్షకులు మొదట అడిగేది అదే.

స్థాపన నౌకలకు అసలు కష్టం ఖాళీ సముద్రంలో నిలబడడంలో లేదు, తాకడంలో ఉంది. నౌకకూ మరొకదానికీ మధ్య స్పర్శ ఏర్పడే క్షణాలను లెక్కపెట్టండి: జాక్-అప్ నౌక కాళ్లు సముద్రగర్భాన్ని తాకడం, క్రేన్ నుంచి వేలాడే మోనోపైల్ (టర్బైన్‌కు పునాదిగా నిలిచే భారీ ఉక్కు గొట్టం) మట్టిలో దిగబడడం, బ్లేడు మొదటి కొసలోని బోల్టులు హబ్ (బ్లేడ్లన్నీ కలిసే నడిమి భాగం) రంధ్రాల్లోకి చొరబడడం. ఆ క్షణానికి ముందు ఒక వ్యవస్థ, తరువాత మరొక వ్యవస్థ. ద్రవ్యరాశి, దృఢత్వం, డాంపింగ్ (ఊగును అణిచే గుణం) అన్నీ మారిపోతాయి, కంట్రోలర్‌కు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఈ రంగంలో ఇంకా తీరని మంచి సమస్యలన్నీ ఈ మార్పు చుట్టూనే ఉన్నాయి.

ఒక్క ఉదాహరణను లెక్కతో సహా చూద్దాం, ఎందుకంటే కంట్రోల్ చదివినవారికి ఇందులోని చిక్కు అంకెల్లోనే అర్థమవుతుంది. జాక్-అప్ నౌక కాళ్ల మీద నీటిపైకి లేచి నిలబడుతుంది కాబట్టి అలల బాధ దానికి లేదు. అయితే నీటి లోతు 60–70 మీటర్లు దాటినా, పునాదుల బరువు 2,000 టన్నులు మించి పెరుగుతున్నా, ఒక్కొక్క చోట కాళ్లు దించి ఎత్తే సమయం భారమైనా, తేలుతూనే మోనోపైల్‌ను నిలబెట్టే నౌకల వైపు పరిశ్రమ మొగ్గుతుంది. అటువంటి నౌక పక్కన గ్రిప్పర్ అనే పెద్ద ఉక్కు వలయం ఉంటుంది. క్రేన్ పైల్‌ను నిలువుగా లేపి ఆ వలయంలోంచి దించుతుంది, హైడ్రాలిక్ సిలిండర్లు పైల్‌ను నిటారుగా పట్టి ఉంచుతాయి, సుత్తి కొడుతుంది. స్థాపనలో వాలు 0.25 డిగ్రీలకు మించరాదన్న పరిమితి తరచుగా కనిపిస్తుంది. 90 మీటర్ల పొడవున్న పైల్‌కు అది కొన దగ్గర 39 సెంటీమీటర్ల పక్కవాటుకు సమానం. దాన్ని పట్టుకున్న నౌక మాత్రం అలల మీద తేలుతోంది.

నౌక ద్రవ్యరాశి, దానితోపాటు కదిలే నీటి అదనపు ద్రవ్యరాశి కలిపి 60,000 టన్నులనుకుందాం. డీపీ కంట్రోలర్ వల్ల ఆ నౌకకు సమతలంలో ఏర్పడే సహజ ఆవర్తన కాలం 120 సెకన్లనుకుందాం. అప్పుడు కంట్రోలర్ ఒక స్ప్రింగ్‌లా ఇస్తున్న దృఢత్వం మీటరుకు సుమారు 165 కిలోన్యూటన్లు. ఇప్పుడు గ్రిప్పర్ పైల్‌ను బిగించింది, పైల్ కొన్ని మీటర్ల మేర మట్టిలో దిగింది. మట్టి, పైల్, సిలిండర్లు కలిసి నౌకకు మరొక స్ప్రింగ్‌ను తగిలించాయి. అది డీపీ స్ప్రింగ్ కంటే పది రెట్లు గట్టిదనుకుంటే, మొత్తం పదకొండు రెట్లయి, సహజ ఆవర్తన కాలం 36 సెకన్లకు పడిపోతుంది. అలల ఫిల్టర్, థ్రస్టర్లు వేగం అందుకునే తీరు, కొలతల ప్రాసెసింగ్ అన్నీ కలిసి 9 సెకన్ల ఆలస్యం తెస్తున్నాయనుకోండి. 120 సెకన్ల ఊగులో అది 27 డిగ్రీల ఫేజ్ నష్టం, భరించవచ్చు. 36 సెకన్ల ఊగులో అదే 9 సెకన్లు సరిగ్గా 90 డిగ్రీలు. అక్కడ వేగానికి ప్రతిగా రావలసిన బలం స్థానానికి ప్రతిగా వస్తుంది, స్థానానికి ప్రతిగా రావలసిన బలం వేగం ఉన్న దిశలోనే తోస్తుంది. అంటే కంట్రోలర్ ఊగును తగ్గించడం మాని దానికి శక్తి పోస్తుంది. అంతవరకు ఏ తప్పూ చేయని కంట్రోలర్, గెయిన్లలో (ఎంత బలంగా ప్రతిస్పందించాలో నిర్ణయించే గుణకాల్లో) ఒక్క అంకె మారకుండానే అస్థిరమవుతుంది.

ఇంకొక చిక్కు దీనికంటే నెమ్మదిగా వస్తుంది. డీపీలోని కాల్మన్ ఫిల్టర్, తనకు తెలియని స్థిరమైన బలాలన్నింటినీ ఒకే ఖాతాలో వేసి దాన్ని ప్రవాహంగా భావిస్తుంది. పైల్ నుంచి వచ్చే ప్రతిచర్య కూడా ఆ ఖాతాలోకే పోతుంది. అరగంట తరువాత గ్రిప్పర్ వదిలేసినప్పుడు ఆ బలం ఒక్కసారిగా మాయమవుతుంది, ఖాతాలోని అంకె మాత్రం అలాగే ఉంటుంది, నౌక లేని ప్రవాహానికి ఎదురుగా తోసుకుంటూ జరిగిపోతుంది. ఈ సంగతి తెలిసిన ఆపరేటర్లు గ్రిప్పర్ వదిలే ముందు కంట్రోలర్ తీవ్రతను తగ్గించడం వంటి ఉపాయాలు పాటిస్తారు. అవి అనుభవంతో అబ్బినవి. ఏ సముద్ర స్థితికి, పైల్ ఎంత లోతు దిగాక, ఏది సరైనదో లెక్కతో చెప్పగల పద్ధతి వారి చేతిలో తరచుగా ఉండదు. పైగా పైల్ దిగేకొద్దీ మట్టి దృఢత్వం గంటల్లోనే అనేక రెట్లు పెరుగుతుంది. గ్రిప్పర్‌కు దానిదైన కంట్రోలర్ ఉంటుంది, డీపీకి మరొకటి, రెండూ వేర్వేరు తయారీదారులవి, ఒకదాని ఉద్దేశం మరొకదానికి తెలియదు. మీకు ఆసక్తి ఉన్న ప్రెడిక్టివ్ కంట్రోల్ ఇక్కడికి వచ్చేసరికి అలంకారం కాకుండా అవసరమవుతుంది: సిలిండర్ల ప్రయాణానికి హద్దులున్నాయి, సంపర్క బలానికి హద్దులున్నాయి, థ్రస్టర్ల సామర్థ్యానికి హద్దులున్నాయి, రెండు కంట్రోలర్లూ ఆ హద్దులను పంచుకోవాలి.

బ్లేడు బిగించే పని మరొక రకం. ఐఈఏ (అంతర్జాతీయ ఇంధన సంస్థ) 15 మెగావాట్ల రిఫరెన్స్ టర్బైన్‌నే, అంటే పరిశోధకుల కోసం బహిరంగంగా ఇచ్చిన నమూనా డిజైన్‌నే తీసుకోండి: రోటర్ వ్యాసం 240 మీటర్లు, హబ్ ఎత్తు 150 మీటర్లు, ఒక్కొక్క బ్లేడు 117 మీటర్ల పొడవు, దాదాపు 65 టన్నుల బరువు. దాన్ని అడ్డంగా పట్టి అంత ఎత్తుకు లేపి, బ్లేడు మొదటి కొసలోని బోల్టులను హబ్ రంధ్రాలతో సరిపోల్చాలి. హబ్ ఎత్తులో సగటు గాలి సెకనుకు 10–12 మీటర్లు దాటితే సాధారణంగా పని ఆపేస్తారు. ఇక్కడ జాక్-అప్ వాడినంత మాత్రాన కష్టం తీరిపోదు, ఎందుకంటే నౌక కదలకపోయినా హబ్ కదులుతుంది. బ్లేడ్లు ఇంకా లేవు కాబట్టి తిరిగే రోటర్ ఇచ్చే గాలి డాంపింగ్ లేదు, మోనోపైల్ మీది టవర్, టర్బైన్ పరిమాణాన్ని బట్టి, సుమారు 4–6 సెకన్ల ఆవర్తన కాలంతో ఊగుతుంది. దీని పర్యవసానం కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది: పది సెకన్ల పొడవాటి అలలు రెండు మీటర్ల ఎత్తున ఉన్నప్పటికంటే, నాలుగున్నర సెకన్ల పొట్టి అలలు ఒక మీటరు ఎత్తున ఉన్నప్పుడే హబ్ ఎక్కువ ఊగవచ్చు. డెక్ మీద నిలబడి చూస్తే రెండోది ప్రశాంతమైన సముద్రం. అందుకే అల ఎత్తు ఒక్కటే చెప్పి ఆవర్తన కాలం చెప్పని పరిమితిని నేను ప్రతిపాదనలో చూస్తే అక్కడే ఎర్ర గీత పెడతాను.

ఈ పనిలో మీ నియంత్రణ సాధనాలు టగ్గర్ తాళ్లు, అంటే క్రేన్ బూమ్ (పొడవాటి చేయి) నుంచి బ్లేడును పట్టుకున్న చట్రం వరకు సాగి, విన్చిలతో (తాడును చుట్టే యంత్రాలతో) బిగించి వదిలే తాళ్లు. తాడు లాగగలదే కానీ తోయలేదు. అది ఒక్క క్షణం సడలితే మీ లీనియర్ మోడల్ ఆ క్షణానికి అబద్ధమవుతుంది, తిరిగి బిగిసేటప్పుడు కుదుపు వస్తుంది. ముందుగానే ఎక్కువ బిగువు పెడితే సడలదు, కానీ బూమ్ మీద భారం పెరుగుతుంది, విన్చి వేగం చాలదు. ఇక క్రేన్ తాడుకు వేలాడే బరువు ఒక లోలకం. తాడు పొడవు 100 మీటర్లయితే ఆవర్తన కాలం 20 సెకన్లు, 50 మీటర్లయితే 14, 25 మీటర్లయితే 10. బరువును పైకి లేపుతున్నకొద్దీ తాడు పొట్టిదవుతుంది కాబట్టి, తేలే నౌక మీద చేసే లిఫ్టులో ఆ లోలకం అలల ఆవర్తన కాలాల గుండా నడిచి వెళ్లక తప్పదు. ఆ మండలాన్ని త్వరగా దాటాలా, నెమ్మదిగా దాటుతూ తాళ్లతో అణచాలా అన్నది చూడడానికి చిన్న ప్రశ్నే గానీ, దాని మీద ఒక మంచి పత్రం రాయవచ్చు.

తేలే టర్బైన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017లో మొదలైన హైవిండ్ స్కాట్లండ్‌లోని అయిదు టర్బైన్లను నార్వేలోని స్టూర్డ్ వద్ద, ఒడ్డు మాటున ఉన్న ప్రశాంతమైన నీటిలో, సైపెమ్ 7000 అనే భారీ క్రేన్ నౌకతో అమర్చి, తరువాత టగ్గులతో లాక్కెళ్లి స్థానంలో కట్టారు. అలా చేసినంతకాలం స్థాపన సమస్య తీరంలోనే తీరిపోతుంది. కష్టం తరువాత వస్తుంది: 2024లో భారీ నిర్వహణ పనుల కోసం ఆ టర్బైన్లను మళ్లీ నార్వేకు లాక్కెళ్లారు. ఉన్నచోటనే గేర్‌బాక్సునో బ్లేడునో మార్చాలంటే తేలే నౌక, తేలే టర్బైన్, మధ్యలో వేలాడే బరువు, మూడూ మూడు రకాలుగా కదులుతుంటాయి. ఇది నిజంగా తెరిచి ఉన్న సమస్య. కానీ మూడేళ్ల పీహెచ్‌డీకి ఇది పెద్దది. ఇందులోంచి ఒక ముక్కను విడదీసుకోగలిగితేనే దీని జోలికి వెళ్లండి.

ఏ పనిని ఎంచుకున్నా, మీ కంట్రోలర్ మంచిదని దేనితో నిరూపిస్తారన్నది మొదటే తేల్చుకోవాలి. సగటు దోషం ఇరవై శాతం తగ్గిందనడం ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పదు. స్థాపన రంగంలో కొలబద్ద వాతావరణ అవకాశం, అంటే ఆ పనిని సురక్షితంగా పూర్తి చేయడానికి సరిపడే ప్రశాంతమైన గంటల వరుస. డీఎన్‌వీ అనే నౌకా వర్గీకరణ సంస్థ ప్రమాణాల ప్రకారం ప్రణాళిక వేసుకున్న పని సమయం 72 గంటల లోపు, అనుకోని జాప్యాన్ని కలుపుకుని మొత్తం 96 గంటల లోపు ఉన్న పనులనే వాతావరణ సూచనను నమ్మి చేయవచ్చు. ఆ సూచనలో ఉండే అనిశ్చితికి ఆల్ఫా అనే గుణకంతో పరిమితిని తగ్గించాలి. మీ విశ్లేషణ 2 మీటర్ల అల వరకు ఫర్వాలేదని తేల్చి, ఆల్ఫా 0.75 అయితే, సూచనలో 1.5 మీటర్లు కనిపిస్తేనే పని మొదలవుతుంది. ఇప్పుడు మీ కంట్రోలర్ ఆ 2 మీటర్లను 2.4కు పెంచిందనుకుందాం. సూచనలో పరిమితి 1.8 అవుతుంది. ఈఆర్‌ఏ5 వంటి గంటగంటకు ఉన్న చారిత్రక వాతావరణ దత్తాంశాన్ని తీసుకుని, ఒక నిర్దిష్టమైన చోట పదేళ్లలో అటువంటి పన్నెండు గంటల వరుసలు ఎన్ని పెరిగాయో లెక్కకట్టి పటంగా గీయండి. ఆ ఒక్క పటాన్ని చూసి నౌక యజమానీ, హైడ్రోడైనమిక్స్ ప్రొఫెసరూ, కంట్రోల్ ప్రొఫెసరూ ముగ్గురూ మీ పని విలువ గ్రహిస్తారు. ఇందుకు ముందు మీరు ఒక ఇబ్బందికరమైన పని చేయాలి: ఆ పనిని ఆపివేసే భౌతిక రాశి ఏదో గుర్తించాలి. బ్లేడు విషయంలో అది బ్లేడు మొదటి కొసకూ హబ్‌కూ మధ్య ఉన్న దూరమా, తాకే వేగమా? తాకే వేగమైతే బోల్టులకు దెబ్బ తగిలేది ఎంత వేగం దగ్గర? ఈ గొలుసు తెగితే మీ కంట్రోలర్ ఫలితాలు గాలిలో వేలాడతాయి.

హైడ్రోడైనమిక్స్ గురించి. ప్యానెల్ కోడ్ (నౌక ఉపరితలాన్ని చిన్న పలకలుగా విడగొట్టి అలల బలాలను లెక్కించే ప్రోగ్రాం) మీరే రాయనక్కర్లేదు. వామిట్ ఉంది, ఉచితంగా కావాలంటే నెమో, కాపిటైన్ ఉన్నాయి. కానీ అవి ఇచ్చే అంకెల అర్థం మీకు సొంతం కావాలి. నౌక కదిలినప్పుడు లేచిన అలలు కొంతసేపు నిలిచి తిరిగి దాని మీదే ప్రభావం చూపుతాయి. ఈ జ్ఞాపకాన్ని కాలంలో రాసే పద్ధతిని 1962లో కమిన్స్ ఇచ్చాడు, ఆ సమీకరణం మీ చేతివేళ్ల మీద ఉండాలి. అలల సగటు తోపుడు, నెమ్మదిగా మారే రెండో శ్రేణి బలాలు, వాటికి 1974లో న్యూమన్ ఇచ్చిన సులభ పద్ధతి, ఆ పద్ధతి ఎక్కడ చెల్లదు అన్నవీ తెలియాలి. నేను ఎక్కువగా చూసే పొరపాటు మాత్రం రోల్ (నౌక పక్కలకు ఒరిగే ఊగు) డాంపింగ్‌లో ఉంటుంది. ఈ కోడ్‌లకు ఆధారమైన పొటెన్షియల్ సిద్ధాంతంలో నీటి జిగట లేదు కాబట్టి కోడ్ ఇచ్చే రోల్ డాంపింగ్ వాస్తవం కంటే చాలా తక్కువ. దాన్ని అలాగే వదిలేసిన విద్యార్థి సిమ్యులేషన్‌లో క్రేన్ కొన నమ్మశక్యం కానంతగా ఊగుతుంది, ఆ తరువాత అతని కంట్రోలర్ దాన్ని అద్భుతంగా అణిచేస్తుంది. లేని జబ్బును నయం చేసిన వైద్యుడి గొప్పతనం లాంటిదే అది.

మోడళ్లు రెండు ఉంచుకోండి. ఒకటి కంట్రోలర్ రూపకల్పనకు సరిపడే చిన్నది, మరొకటి వాస్తవానికి వీలైనంత దగ్గరగా ఉండి పరీక్షకు మాత్రమే వాడేది. రూపకల్పనకు వాడిన మోడల్ మీదే పరీక్షించి విజయం ప్రకటించే పత్రాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, వాటిని చూసి మోసపోవద్దు. పెద్ద మోడల్ కోసం సీమా, ఓర్కాఫ్లెక్స్ వంటివి నౌక, తాళ్లు, లిఫ్టు వైపు బలమైనవి. ఓపెన్‌ఫాస్ట్, హాక్2 టర్బైన్ వైపు బలమైనవి. స్థాపన దశలో ఈ రెండు వైపులూ కలవాలి గనుక ఏదో ఒక వైపు మీరు సొంతంగా కలపవలసి వస్తుంది. దానికి ఆరు నెలలు పోతాయని ముందే లెక్కవేసుకోండి. నాకు తొమ్మిది పట్టింది.

సిమ్యులేషన్లతో సరిపెట్టుకోవచ్చా అంటే, సరిపెట్టుకుని పట్టా పొందినవారు ఉన్నారు. అయినా వీలుంటే ఒక్కసారైనా చిన్న నమూనాతో నీటి తొట్టెలో పరీక్షించమంటాను. 1:50 స్కేలులో ఫ్రూడ్ నియమం (అలలు, గురుత్వాకర్షణ ముఖ్యమైన చోట నమూనా కొలతలను అసలు నౌకకు అన్వయించే నియమం) ప్రకారం కాలం దాదాపు 7 రెట్లు కుదించుకుపోతుంది, 10 సెకన్ల అల 1.4 సెకన్లవుతుంది. ఈ అంకెను కంట్రోల్ వైపు నుంచి ఆలోచించేవారు తక్కువ. తొట్టెలోని కెమెరా కొలత 0.1 సెకను ఆలస్యంగా వస్తే, అసలు నౌకలో అది 0.7 సెకన్ల ఆలస్యానికి సమానం. నా పరిశోధనలో సిమ్యులేషన్‌లో చక్కగా నడిచిన కంట్రోలర్ తొట్టెలో ఊగులాటకు దిగింది. మూడు వారాలు గెయిన్లు మారుస్తూ కూర్చున్నాను. చివరికి తేలిందేమంటే, కెమెరా కంప్యూటర్ గడియారమూ, విన్చి కంప్యూటర్ గడియారమూ ఒకదానితో ఒకటి సరిపోలడం లేదు, నేను గతంలోని స్థానానికి ప్రతిస్పందిస్తున్నాను. ఆ మూడు వారాలూ సిద్ధాంతగ్రంథంలో ఒక్క పేరాగా మిగిలాయి గానీ, కాల ఆలస్యానికి తట్టుకునే పరిశీలకం (నేరుగా కొలవలేని రాశిని కొలతల నుంచి అంచనా వేసే అల్గారిథం) మీద నేను తరువాత రాసిన పత్రం అక్కడి నుంచే పుట్టింది. గాలి బలాలు, విన్చిల ఘర్షణ ఈ నియమం ప్రకారం స్కేలు కావు. ఏవి స్కేలు కావో రాసిపెట్టుకుని, వాటి మీద ఆధారపడే నిర్ణయాలను తొట్టె ఫలితాల నుంచి తీయకండి.

ఇక రీఇన్‌ఫోర్స్‌మెంట్ లర్నింగ్. నాకు దాని మీద వ్యతిరేకత లేదు, కానీ దాన్ని లూప్ లోపల, థ్రస్టర్లకు నేరుగా ఆజ్ఞలిచ్చే చోట పెట్టే ప్రతిపాదనలను నేను సమర్థించను. డీపీ నౌకలకు ఐఎంవో (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) 1994లో జారీచేసి 2017లో నవీకరించిన మార్గదర్శకాలు ఉన్నాయి. రెండో తరగతి వ్యవస్థలో జనరేటర్, థ్రస్టర్ వంటి క్రియాశీల భాగం ఏ ఒక్కటి చెడినా నౌక స్థానం కోల్పోకూడదు, మూడో తరగతిలో ఒక గది మొత్తం మంటకో నీటికో గురైనా కోల్పోకూడదు. ఇవన్నీ ఏ భాగం ఎలా చెడితే ఏమవుతుందో ఒక్కొక్కటిగా రాసిన విశ్లేషణతో నిరూపించాలి. తన నిర్ణయానికి కారణం చెప్పలేని కంట్రోలర్‌ను ఆ పత్రంలో ఏ గడిలో రాస్తారు? అదే అభ్యసన పద్ధతిని పైమెట్టులో, అంటే నౌకను అలలకు ఏ కోణంలో నిలపాలి, ఏ క్షణంలో దించడం మొదలుపెట్టాలి అన్న సలహాల వద్ద పెట్టి, కింద నమ్మకమైన సంప్రదాయ కంట్రోలర్‌ను ఉంచితే మాట వేరు. రాడార్‌తో దూరం నుంచి వచ్చే అలలను చదివి ఒకటి రెండు నిమిషాల ముందుగా నౌక కదలికను అంచనా వేసే పని ముందుకు సాగుతోంది. దించే క్షణాన్ని ఎంచుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది.

క్రేన్ ఆపరేటర్‌ను, డీపీ ఆపరేటర్‌ను మరిచిపోవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. ఒకసారి నేనున్న నౌక మీద టగ్గర్ తాళ్ల ఆటోమేటిక్ మోడ్‌ను ఆపరేటర్ పదే పదే ఆపేస్తుంటే కారణం అడిగాను. అది బాగా పనిచేయదని కాదు, తరువాతి క్షణంలో అది ఏం చేయబోతోందో చేతికి తెలియడం లేదు అన్నాడు. ఆ మాట తరువాత నా కంట్రోలర్‌లో తాళ్ల బిగువు మార్పు రేటుకు ఒక హద్దు పెట్టాను, పనితీరు కాస్త తగ్గింది, వాడకం పెరిగింది. మీ పర్యవేక్షకుడికి పరిశ్రమతో సంబంధాలుంటే తొలి ఏడాదిలోనే ఒక వారం నౌక మీదనో, అది కుదరకపోతే శిక్షణ సిమ్యులేటర్ వద్దనో గడపండి. దత్తాంశం విషయంలో ఒక హెచ్చరిక: కొలతలు ఇస్తామని నోటిమాటగా చెప్పే భాగస్వాములు రెండో ఏడాదిలో ఉద్యోగం మారిపోతారు. ఏ కొలతలు, ఏ రూపంలో, ప్రచురించే హక్కుతో సహా, మొదటి నెలలోనే రాతపూర్వకంగా తీసుకోండి. రాకపోతే రిఫరెన్స్ టర్బైన్లతో, బహిరంగంగా ఉన్న నౌక మోడళ్లతో పూర్తయ్యేలా అంశాన్ని కుదించుకోండి.

మీ స్థానంలో నేనుంటే ఏది ఎంచుకుంటానని కూడా చివర్లో అడిగారు. తేలే నౌక నుంచి మోనోపైల్ దించే పనినే ఎంచుకుంటాను. మొదటి పత్రంలో నౌక, గ్రిప్పర్, పైల్, మట్టి కలిసిన మోడల్‌ను కట్టి, పైల్ దిగే లోతుతో స్థిరత్వపు హద్దు ఎలా జరుగుతుందో చూపిస్తాను. ఇందులో కొత్త కంట్రోలర్ ఏదీ ఉండదు, ఉండనక్కర్లేదు. రెండో దానిలో సిలిండర్ల పీడనం, నౌక కదలికల కొలతల నుంచే మట్టి ఇస్తున్న దృఢత్వాన్ని పని జరుగుతుండగా అంచనా వేసే పరిశీలకాన్ని ప్రతిపాదిస్తాను, ఎందుకంటే ఆ అంకె తెలిస్తే ప్రవాహపు ఖాతాలో తప్పుడు జమలు పడవు. మూడో దానిలో ఆ అంచనాను వాడుకుని డీపీనీ గ్రిప్పర్‌నీ కలిపి నడిపే ప్రెడిక్టివ్ కంట్రోలర్‌ను పెట్టి, తేలిన ఫలితాన్ని వాతావరణ అవకాశపు గంటల్లోకి మారుస్తాను. రెండో పత్రం మధ్యలో మీకు ఎదురయ్యే చిక్కు ఒకటి ముందే చెబుతాను: నౌక తగినంతగా కదలకపోతే దృఢత్వాన్ని అంచనా వేయడానికి సమాచారం చాలదు, తగినంతగా కదిలితే పైల్ వాలుతుంది. ఆ రెంటి మధ్య ఎంత చిన్న కదలికను కావాలని కలిగించవచ్చో ప్రతిపాదనలోనే ఒక విభాగంగా రాయండి. మీ కంట్రోల్ చదువు అన్నింటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చే చోటు అదే.